ఎడమ పై మూల

బందరు పక్కనున్న గూడూరు దగ్గర ఒక పల్లెలో, చర్చి పక్కన వేసిన షామియానా కింద, మొన్న, చనిపోయిన మా మేడంగారి ఆదరణ కూడిక జరిగింది. పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఆవిడతో పనిచేసినవాళ్లు ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. మా కరెంటు ఆఫీసు తరఫున ఒక యువ ఇంజనీరు లేచాడు. మేడంగారు రిటైరయ్యాక ఉద్యోగంలో చేరినవాడు, ఆవిడని ఎప్పుడూ చూసినవాడు కాదు. అయినా తడుముకోకుండా మొదలుపెట్టాడు.

"మా వాళ్లంతా ఆవిడని ప్రేమగా సముద్రం మేడం అంటారండి. ఎందుకంటే, ఒకసారి బందరు మీటింగులో ఆవిడ గీసిన గ్రాఫు గోడ మీద వేస్తే, మధ్యలో నాలుగు చిన్న గీతలు, చుట్టూ అంతా ఖాళీ అంటండి. పెద్దసారు చూసి, 'ఏంటమ్మా, గ్రాఫు గీయమంటే దివిసీమ మ్యాపు గీశావా? ఈ ఖాళీ అంతా సముద్రమా?' అన్నారంట. ఆవిడేమో, 'అవునండి, లైను సముద్రం దాకా ఉంది కదండీ' అన్నారంట!"

షామియానా అంతా నవ్వింది. పోయిన మనిషిని తలుచుకుని మంచి మనసుతో నవ్వే నవ్వే అది, అందులో తప్పు లేదు. నా పక్క కుర్చీలో ఉన్న ఆవిడ భర్త కూడా నవ్వారు. గుడివాడ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. నవ్వు సద్దుమణిగాక నా వైపు వంగి, ఎవరికీ వినపడకుండా అడిగారు.

"ఏవండీ, అంటే మా ఆవిడకి గ్రాఫు గీయడం రాదనాండీ?"

ఆ కథని మొదట చెప్పింది నేను. ఆ మీటింగులో ఆవిడ వెనక వరసలో కూర్చున్న జూనియరు ఇంజనీర్ని నేనే. పెద్దసారు గొంతూ మేడంగారి గొంతూ రెండూ అనుకరిస్తూ క్యాంటీన్లో చెప్పాను, పెళ్లిళ్లలో చెప్పాను, బదిలీ అయి వెళ్లిన ప్రతి ఊళ్లోనూ చెప్పాను. బాగా చెబుతానని నాకు పేరు. నవ్వు వచ్చినచోట ఆపేసేవాణ్ణి. అది చేతులు మారి మారి ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందంటే, కొత్తగా చేరినవాళ్లకి 'గ్రాఫు ఇలా గీయకూడదు' అని చెప్పడానికి ఆవిడ పేరు వాడుతున్నారు. షామియానా కింద నేను ఇచ్చుకున్న సమాధానం ఆ షామియానా దాటి వెళ్లదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ పొట్టి మనిషి. నడక మాత్రం పొడుగు. గుడివాడలో బస్సెక్కి బందరు ఆఫీసుకి వచ్చేవారు. చేతిలో మగవాళ్లు పట్టుకునే పెద్ద నల్ల గొడుగు, వానలున్నా లేకున్నా. వాచీ డయలు మణికట్టు లోపలివైపుకి తిప్పి పెట్టుకునేవారు. టైము చూసుకుంటుంటే అరచేతిలో ఏదో దాచిపెట్టుకుని చూస్తున్నట్టుండేది. పెన్సిలు చెక్కేటప్పుడు సన్నగా కీర్తన పాడేవారు. ములుకు విరిగితే కీర్తన అక్కడికక్కడ ఆగిపోయేది, మళ్లీ చెక్కడం మొదలుపెట్టాక మొదటి చరణం నుంచి వచ్చేది. పక్క గదిలో ఉన్న మేము కీర్తన ఎక్కడిదాకా వచ్చిందో విని, ఆవిడ దగ్గరికి వెళ్లొచ్చో లేదో తేల్చుకునేవాళ్లం.

ఎవరు ఏ లైను గురించి ఏం చెప్పినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే.

"చివరి స్తంభం చూశావా?"

చూడలేదంటే ఇక మాట్లాడేవారు కాదు. గొడుగు తీసుకుని జీపెక్కి కూర్చునేవారు. మనమూ ఎక్కాలన్నమాట. మా డ్రైవరు అంటుండేవాడు, "మేడం జీపెక్కితే నేను రోడ్డు చూడనండి, తీగల్ని చూస్తా. అవి ఎక్కడ ఆగితే అక్కడ బ్రేకేస్తా" అని.

మా పనేమిటో కొంచెం చెప్పాలి. ఎక్కడైనా తీగ తెగినా, కొమ్మ తగిలినా, లైనులో కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. సబ్‌స్టేషన్‌లో రిలే అనే పెట్టె దాన్ని గమనించి లైను ఆపేస్తుంది. ఎంత కరెంటు వస్తే ఎంతసేపట్లో ఆపాలో చెప్పేదే మేం గీసే గీత. అడ్డంగా కరెంటు, నిలువుగా సమయం. లైను పొడుగునా ఒకరి వెనక ఒకరు ఇలాంటి కాపలాదార్లుంటారు. అందరి గీతలూ ఒకే కాగితం మీద వేసి, ఎవరు ముందు లేవాలో, ఎవరు ఆగాలో చూసుకుంటాం. ఆ కాగితం మామూలు గళ్ల కాగితం కాదు. ఒక్కో పెద్ద గడి దాటితే పదింతలు. ఒకటి, పది, వంద, వెయ్యి. కాబట్టి అంచులు ఎక్కడ పెట్టామన్నది చిన్న విషయం కాదు. ఒక గడి తగ్గించామంటే, ఒక లోకాన్నే బయటికి పంపేసినట్టు.

మా ఆఫీసులో దీనికి ఒక అచ్చు నమూనా ఉండేది. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు వచ్చే భారీ కరెంటు దగ్గర మొదలై, కొద్ది సెకన్ల దగ్గర ఆగిపోయేది. అందులో గీతలు పెద్దగా, విడివిడిగా, చూడముచ్చటగా వచ్చేవి. సంతకం పెట్టే పెద్దలకి అది ఇష్టం. మాకూ ఇష్టమే, పని తొందరగా అయిపోయేది. నేను మొదటిసారి అలాంటిది గీసి తీసుకెళ్తే మేడంగారు కాసేపు చూసి అన్నారు.

"గీతలన్నీ ఫొటోకి నిలబడ్డట్టున్నాయయ్యా. ఇంటికెళ్లాక ఎలా ఉంటాయో అది చూపించు."

ఆవిడ పద్ధతి వేరు. గీత వేయకముందే నాలుగు అంచులకీ నాలుగు పేర్లు రాసేవారు, తెలుగులో, పెన్సిలుతో. ఎడమ అంచున 'నిద్రపోయే ఊరు' అని ఉండేది. అంటే లైను మీద ఉండే అతి తక్కువ వాడకం. కుడి అంచున 'గుమ్మంలోనే షార్టు', సబ్‌స్టేషన్ గేటు దగ్గరే తీగ పడితే వచ్చే అతి పెద్ద కరెంటు. కింద 'రెప్ప వేసేలోపు'. పైన 'అన్నం ఉడికేదాకా'.

"ఇదేంటి మేడం, అన్నమేంటి?" అన్నాను.

"ఏం, మీ ఇంట్లో ఉడకదా? ఎసట్లో బియ్యం పోసిన కాడ్నించి వార్చేదాకా ఎంతసేపు?"

"మా ఆవిణ్ణి అడగాలి మేడం."

"అడుగు. అడిగి సిగ్గుపడు. లైను మీద ఏదైనా అంతసేపు సాగొచ్చు అబ్బాయ్. కాగితం మధ్యలో లేచెళ్లిపోతే ఎట్టా?"

ఇంకోసారి నేను కాగితం చాలడం లేదని గొణుగుతుంటే, తలెత్తకుండానే అన్నారు. "అంచు మనం గీసుకున్నదే. కరెంటుకి ఆ అంచు తెలీదు."

ఇక ఆ మీటింగు సంగతి. దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రంవైపు పోయే ఒక లైను ఉంది. దాని పొడుగునా రొయ్యల చెరువులు. చెరువుల్లో నీళ్లకి గాలి కలపడానికి మోటార్లు తిరుగుతుంటాయి. అక్కడ గొడవేమిటంటే, కాసేపు కరెంటు పోయి మళ్లీ వేస్తే లైను నిలబడేది కాదు. వేస్తారు, కాసేపుంటుంది, పడిపోతుంది. మళ్లీ వేస్తారు, మళ్లీ పడిపోతుంది. లైన్‌మెన్లు గట్ల వెంట ఆ చివరిదాకా నడిచి చూసొచ్చేవారు. ఎక్కడా తెగలేదు, ఎక్కడా తగల్లేదు. మా నమూనా కాగితం మీద చూస్తే అన్ని గీతలూ బుద్ధిగా ఎడం ఎడంగానే ఉన్నాయి. రైతులేమో, "మీ పెట్టెకి దెయ్యం పట్టిందండి" అనేవారు. రిలే సెట్టింగ్ పెంచేస్తే, అంటే ఇంకా ఎక్కువ కరెంటు వస్తేగానీ ఆపకుండా పెడితే, సరిపోతుందని పెద్దలు దాదాపు తేల్చేశారు.

ఆ మీటింగులోనే మేడంగారి గ్రాఫు గోడ మీద పడింది. యువ ఇంజనీరు చెప్పిందంతా నిజమే. పెద్దసారు ఆ మాట అన్నారు, ఆవిడ ఆ జవాబు చెప్పారు, అందరం నవ్వాం. నేను అందరికన్నా ఎక్కువ నవ్వాను.

నవ్వు ఆగేదాకా ఆవిడ నిలబడే ఉన్నారు. తర్వాత కుర్చీకి తగిలించిన గొడుగు తీసుకుని గోడ దగ్గరికి వెళ్లి, గొడుగు కొనతో ఆ ఖాళీలో ఎడమ పై మూలని తట్టారు.

"తక్కువ కరెంటు, ఎక్కువసేపు. మన గొడవ ఇక్కడుందండి. మన నమూనాలో ఈ మూలే లేదు."

"అక్కడేం లేదు కదమ్మా" అన్నారు పెద్దసారు.

"లేదని ఎవరూ చూడలేదండి. దగ్గర్లో తీగ తెగితే కుడివైపు కనిపిస్తది. ఈ మూలలో ఉండేది జనం, వాళ్ల వాడకం. కొలవడానికి నాకు పర్మిషన్ ఇవ్వండి."

"ఆ కొలతలెందుకు, సెట్టింగ్ పెంచితే పడటం ఆగిపోద్ది కదా?"

"ఆగుద్దండి. రేపు సముద్రం ఒడ్డున తీగ తెగి గట్టు మీద పడినా లైను ఆగదు. అంత దూరాన తెగితే వచ్చే కరెంటు తక్కువండి. సెట్టింగ్ పెంచిన పెట్టెకి అది వినపడదు. దాన్నీ ఇక్కడే, ఈ ఎడమవైపే చూసుకోవాలి. అందుకే కాగితం ఇంత పెద్దదయింది."

పెద్దసారు గ్లాసెత్తి మంచినీళ్లు తాగి, "సరే, కొలుచుకోండి" అన్నారు. నా కథలో ఈ భాగం ఎప్పుడూ లేదు.

తర్వాత మరమ్మతులకని లైను ఆపిన రోజున ఆవిడ ఆ సబ్‌స్టేషన్‌కి వెళ్లారు. నన్ను మీటరు దగ్గర నిలబెట్టి అంకెలు పైకి చదవమన్నారు. ఆవిడ బల్ల మీద కాగితం పరిచి, మణికట్టు తిప్పి వాచీ చూస్తూ కూర్చున్నారు. లైను వేశారు. నేను చదువుతుంటే ఆవిడ చుక్కలు పెడుతున్నారు. ఒక్కో చుక్కా పైకి, పైకి పోతోంది. ఆ ఖాళీలో, పెద్దసారు సముద్రమన్న చోట, చుక్కల వరస నడుచుకుంటూ వెళ్లి రిలే గీతని తాకింది. అదే క్షణంలో బయట యార్డులో లైను ఆపే బ్రేకరు ఠక్కున పడింది.

"దొరికాడయ్యా!" అని ఆవిడ బల్ల మీద చరిచారు. ఆవిడ అంత గట్టిగా అరవడం నేను వినడం అదొక్కసారే.

దొరికింది దెయ్యం కాదు, ఆటో స్టార్టరు. ఒక్క క్షణం గాలి ఆలస్యమైనా రొయ్య తట్టుకోదని ప్రతి రైతూ మోటారుకి ఆటో స్టార్టరు పెట్టించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది. ఆ లైను మీదున్న మోటార్లన్నీ ఒకేసారి లేవబోయేసరికి వోల్టేజి కుంగిపోయి, ఏదీ సరిగా లేవలేక ముక్కుతూ మూలుగుతూ మామూలు కన్నా ఎక్కువ కరెంటు లాగుతూనే ఉంటుంది. రిలే ఓపిక పట్టి పట్టి, ఇదేదో తప్పు జరిగిందనుకుని లైను ఆపేస్తుంది. రొయ్యకి గాలి ఆలస్యం కాకూడదని చేసుకున్న ఏర్పాటే ఎవరి రొయ్యకీ గాలి అందకుండా చేస్తోంది.

మేడంగారు రైతుల్ని ఒక చెరువు దగ్గర మేత షెడ్డులో కూర్చోబెట్టారు. మేత బస్తాలకి ఆ కాగితం ఆనించి, నాలుగు అంచుల పేర్లూ చదివి వినిపించారు. అన్నం ఉడికేదాకా అనగానే వెనక నుంచి ఎవరో, "వార్చే అన్నమా, కుక్కరా మేడం?" అన్నారు. "వార్చేదే. కుక్కరైతే నీ మోటారు ఎప్పుడో లేచేది" అన్నారు ఆవిడ. అందరూ ఆ కాగితం చుట్టూ మూగారు.

"అయితే ఆటోలు తీసేయమంటారా?" అని ఒక రైతు కోపంగా అడిగాడు. "తీసేస్తే నేను చెరువు గట్టు మీదే మంచమేసుకోవాలండి."

"తీయొద్దు. ఒకరి తర్వాత ఒకరు లేచేటట్టు పెట్టుకోండి. ఆటోలో ఆలస్యం పెట్టే ఏర్పాటు ఉంది. ఒకే గుమ్మంలోంచి ఊరంతా ఒకేసారి దూరితే ఎవరూ లోపలికి రారు."

ఒక పెద్దాయన కండువా సర్దుకుంటూ, "అంటే వంతు పెట్టమంటారు. కాలవ నీళ్లకి పెట్టుకున్నట్టు" అన్నాడు.

"అదేనండి! ఆ ముక్క ఇంగ్లీషులో రాయలేక రిపోర్టులో చచ్చాను" అన్నారు మేడం.

వంతు అన్నాక ముందెవరన్న గొడవ రాకుండా ఉంటుందా? సబ్‌స్టేషన్ దగ్గరివాళ్లు ముందు మాకే అన్నారు. కాలవ నీళ్లు ముందు వాళ్లకే వస్తాయి కదా, కరెంటూ అంతే అన్నారు. లైను చివర సముద్రం పక్కన చెరువున్న రైతు ఒకాయన మూలనించి అన్నాడు. "కాలవ నీళ్లు ఎప్పుడూ మాకే ఆఖరండి. ఒక్కోసారి రానే రావు. ఇది కూడా అంతేనా?"

"కాదు. చివరి స్తంభం వాళ్లకే ముందు" అన్నారు మేడంగారు. దగ్గరివాళ్లు గోల చేస్తుంటే కూర్చోబెట్టి కారణం చెప్పారు. అంత దూరం వెళ్లేసరికి వోల్టేజి నీరసపడుతుంది, కాబట్టి లైను ఖాళీగా ఉన్నప్పుడే వాళ్ల మోటార్లు లేవాలి, దగ్గరివాళ్లు ఆఖర్న లేచినా ఇబ్బంది లేదు. లెక్క ప్రకారం అదే సరైనది. కానీ ఆ మూలనున్న రైతు మొహం చూసినవాడిగా చెబుతున్నాను, ఆ లెక్క ఆవిడ చాలా ఇష్టంగా చెప్పారు.

ఆ తర్వాత లైను నిలబడింది. సెట్టింగ్ ఎవరూ ముట్టుకోలేదు.

కొంతకాలానికి ఒక వాయుగుండం వచ్చి గాలి బాగా వీచింది. తెల్లారాక, ఆ చివరి చెరువు రైతే ఫోను చేశాడు, గట్టు మీద తీగ తెగి తడిగడ్డిలో పడుందని. మేడంగారూ నేనూ వెళ్లాం. అప్పటికే లైన్‌మెన్లు పరీక్షించి, తీగలో ప్రాణం లేదన్నారు. తెగిన వెంటనే రిలే లైను ఆపేసింది. ఆ రైతు రోజూ పొద్దున్నే చెప్పుల్లేకుండా నడిచే గట్టు అది. ఆ రోజు కూడా దాని మీదనుంచే వచ్చి, తీగని దాటాక వెనక్కి తిరిగి చూశానని చెప్పాడు. సెట్టింగ్ పెంచి ఉంటే ఆ తీగ బతికే ఉండేది.

మేడంగారు గొడుగు మడిచి, ఆ తీగ వైపు చాలాసేపు చూశారు. తర్వాత ఆ రైతుని అడిగారు. "టిఫిన్ చేశావా?"

"ఇంకా లేదండి."

"ఇంటికెళ్లి చెయ్యి."

తిరుగు దారిలో జీపులో కీర్తన మొదలైంది. అవనిగడ్డ దాటి, వంతెన దాటి కూడా సాగింది. పెన్సిలు లేకుండా ఆవిడ పాడటం అదే మొదలు. అలాంటి మనిషి దగ్గర పని నేర్చుకున్నానని నాకు ఇప్పటికీ గర్వం. ఆ గర్వం నలుగురిలో చెప్పుకోకుండా ఆవిడ మీద జోకు చెప్పుకుంటూ తిరిగాను. జోకు చెబితే నాకు పేరొస్తుంది, ఇది చెబితే ఆవిడకి పేరొస్తుంది. అంతకన్నా గొప్ప కారణమేమీ లేదు.

ఆవిడ రిటైర్మెంటు సభలో కూడా, ఆవిడ ఎదురుగానే, సముద్రం కథ చెప్పి అందరినీ నవ్వించాను. ఆవిడా నవ్వారు. దండలు, శాలువాలు కారులో పెట్టించాక నన్ను కిటికీ దగ్గరికి పిలిచారు.

"బాగా చెప్పావయ్యా. అంచే కొంచెం దగ్గర పెట్టావు."

కారు కదిలింది. ఆ మాట నాతోనే ఉండిపోయింది. గుడివాడ వెళ్లి ఒకసారి కూర్చుని మాట్లాడాలనుకుంటూనే ఉన్నాను. వెళ్లలేదు.

షామియానా కింద మాస్టారు నా జవాబు కోసం చూస్తున్నారు. ఆ పక్కన కీర్తన మొదలైంది. ఆ కీర్తన పూర్తయ్యేలోగా ఆయనకి అన్నీ చెప్పాను. గొడుగు కొన, చుక్కల వరస, మేత షెడ్డు, తడిగడ్డిలో తీగ. నాలుగు అంచుల పేర్ల దగ్గరికి మళ్లీ వచ్చి, పైన అన్నం ఉడికేదాకా అని రాసేవారని చెప్పినప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుని ఆపారు.

"అన్నమా?"

"అవునండి. ఎసట్లో పోసిన దగ్గర్నించి వార్చేదాకా."

ఆయన కాసేపు ఎదురుగా ఉన్న ఆవిడ ఫొటో చూశారు.

"మా ఇంట్లో అన్నం నేను వండేవాణ్ణండి. ఆవిడకి బస్సు టైము కదా. నేను బియ్యం పోయంగానే స్టూలు లాక్కుని పొయ్యి ఎదురుగా కూచునేది, చెయ్యి ఇట్టా తిప్పి వాచీ చూసుకుంటా. నేను వార్చేదాకా లేచేది కాదు. నాకు వంట రాదని కనిపెట్టుకుని ఉందనుకునేవాణ్ణి. 'నేనేం మాడ్చనులే, పోయి రెడీ అవ్వు' అని కసిరేవాణ్ణి కూడా." మణికట్టు తిప్పి చూపిస్తున్న చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. "అయితే ఆ పై గీత నాదన్నమాట."

కీర్తన అయిపోయింది. పాస్టరుగారు ముగింపు ప్రార్థనకి లేస్తుంటే, మాస్టారు చెయ్యెత్తి ఆగమన్నారు. స్కూలు మైదానంలో నడిచినట్టే నిటారుగా మైకు దగ్గరికి నడిచారు. వచ్చినవాళ్లకి కృతజ్ఞతలు చెబుతారనుకున్నాం అందరం.

"మా ఆవిడకి గ్రాఫు గీయడం వచ్చండి" అన్నారు. "ఆ గ్రాఫుకి పైన ఒక అంచు ఉంటదంట. అది నేను వండిన అన్నం. మిగతా మూడు ఏంటో ఈయన చెప్తారు."

మైకు నా చేతికిచ్చారు. యువ ఇంజనీరు మొదటి వరసలోనే ఉన్నాడు. నేను ఆ మీటింగు గది దగ్గర్నించే మొదలుపెట్టాను. పెద్దసారు మాట వచ్చింది, ఆవిడ జవాబు వచ్చింది, అందరూ మళ్లీ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. తర్వాత ఆవిడ గొడుగు తీసుకున్నారని చెప్పాను.